ఏ వీడియోలోనూ కనిపించని ఖర్చు

2023 నవంబరు తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో నాకు ఖర్చుల లెక్కల టీమ్‌లో డ్యూటీ పడింది. వీడియో టీమ్ వాళ్లు సభల రికార్డింగులు చూసి కుర్చీలెన్ని, జెండాలెన్ని, కార్లెన్ని అని రాసి పంపితే, ముందే ఖరారైన రేట్లు కట్టి మేం షాడో రిజిస్టర్‌లో, అంటే అభ్యర్థి ఖర్చుకి మేం విడిగా రాసే పుస్తకంలో, ఎక్కించేవాళ్లం, తర్వాత అభ్యర్థి తెచ్చిన లెక్కతో పోల్చి చూస్తే తేడా బయటపడేది. ఒక్కో అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకి మాత్రం పరిమితే లేదు. చట్టంలో ఇంత పెద్ద సందు ఎందుకు వదిలారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

టీ, టిఫిన్ కూడా లెక్క రాశాం. ఓటుకింత అని పంచేది మాత్రం ఏ వీడియోలోనూ లేదు. అది రాత్రిపూట, ఊళ్లో తెలిసినవాళ్ల చేతే, ఓటరు లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేది కదా! ఇలాంటివాటి మీద ఫిర్యాదు చేయడానికి ఎన్నికల సంఘం పెట్టిన సీ-విజిల్ యాప్‌లో పేరు చెప్పకుండా అక్కడికక్కడే ఫొటో తీసి పంపొచ్చు, 100 నిమిషాల్లో స్పందించాలని నియమం కూడా ఉంది. కానీ పంచేది పక్కింటి అన్నే అయితే ఫోన్ ఎవరు ఎత్తుతారు? ఆ భయం నాకు అర్థమవుతుంది.

"ఇస్తే తీసుకోవడం కూడా తప్పేనా సార్?" అని చాలామంది అడిగారు. తప్పే, ఇచ్చినా తీసుకున్నా నేరమే, ఏడాది వరకు జైలు పడొచ్చు.

ఫలితాలు వచ్చిన 30 రోజుల్లోపు అభ్యర్థులు ఖర్చుల లెక్క ఇవ్వాలి, దాన్ని ఎన్నికల అధికారుల వెబ్‌సైట్‌లో పెడతారు. మీ నియోజకవర్గం లెక్క ఒకసారి తెరిచి చూడండి, మీరు కళ్లారా చూసిన సభలు, ర్యాలీలతో పోల్చండి.