కసాయిలో ఒక సెలవు రోజు

మేముండే స్టేషన్ పేరు నిషికసాయి. మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు మా అత్తగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నిశి అంటే చీకటి, కసాయి అంటే సరేసరి. ఇల్లు తీసుకోవడానికి ఇంకో పేట దొరకలేదా అమ్మా?" అన్నారు. జపనీస్‌లో నిషి అంటే పడమర అనీ, కసాయి అనేది ఊరి పేరేననీ నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పటికీ ఆవిడ "మీ కసాయి ఎలా ఉంది?" అనే అడుగుతారు.

టోక్యో తూర్పు అంచున, ఎదొగావా వార్డులో ఉంటుంది మా పేట. వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో నాకు తెలిసిన నిషికసాయి అంటే ఇంటి నుంచి స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక, చింతపండూ కందిపప్పూ దొరికే ఇండియన్ షాపు, బాబు స్కూలు బస్సు ఆగే మలుపు. తోజాయ్ లైన్ ఎక్కితే ఆఫీసు, దిగితే ఇల్లు. అసలు మనవాళ్ళిక్కడ ఇంతమంది చేరడానికి కారణం కూడా ఆ రైలే. 2000 ప్రాంతంలో వైటూకే, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా సరిచేసే పనుల మీద వచ్చిన ఇంజనీర్లకి, బ్యాంకులూ కంపెనీలూ ఉన్న ఒతెమాచికి ఒకే రైల్లో వెళ్ళిపోయే చోటు కావాలి. పైగా ఇక్కడ యూఆర్ అనే సంస్థ అపార్ట్‌మెంట్లున్నాయి. వాటికి హామీ సంతకం పెట్టేవాళ్ళు అక్కర్లేదు, ఇంటి ఓనరుకి కానుకగా ఇచ్చే 'రెయికిన్' అక్కర్లేదు. విదేశీయుడికి ఇల్లివ్వడానికి ఓనర్లు వెనకాడే ఊళ్ళో అది చిన్న విషయం కాదు.

జూలై మూడో సోమవారం ఇక్కడ 'ఉమి నో హి', అంటే సముద్ర దినం. 1996 నుంచి జాతీయ సెలవు. మా ఆయన బాబుని తీసుకుని కాకినాడ వెళ్ళి వారమైంది. ఇల్లంతా నాదే. తొమ్మిదింటికి లేచి, రెండు గ్లాసుల టీ తాగి, ఇవాళ రైలెక్కకూడదు అని ఒక్కటే నియమం పెట్టుకుని సైకిలు తీశాను. ముందు బుట్ట, వెనక పిల్లల సీటు ఉండే ఈ సైకిళ్ళని మామచారి అంటారు, అమ్మల సైకిలన్న మాట. వెనక సీటు ఖాళీగా ఉంటే ఎంత తేలిగ్గా పోతుందో ఆ రోజే తెలిసింది.

ఎప్పుడూ వెళ్ళని సందులోకి తిరిగితే, మెట్టు మీద అట్టపెట్టెలు పేర్చిన చిన్న కూరగాయల కొట్టు కనిపించింది. కొట్లో ఒక పెద్దావిడ. ఎనభై దాటి ఉంటాయి. కొమత్సునా కట్టలకి నీళ్ళు చల్లుతోంది. చూడ్డానికి పాలకూరలా ఉంటుంది గానీ, కాడ కొరికితే కొంచెం ఆవఘాటు. ఆవ, ముల్లంగి జాతిదే. సూపర్ మార్కెట్లో రోజూ చూసేదాన్నే, కానీ అది మా వార్డు ఆకేనని ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు. 1719లో అప్పటి జపాన్‌ని ఏలిన సైనిక పాలకుడు, ఎనిమిదో షోగున్ యొషిమునె వేటకొచ్చి, ఇక్కడి కొమత్సుగావాలో ఈ ఆకు వేసిన సూప్ తాగి, ఊరి పేరే దానికి పెట్టాడని చెప్పుకుంటారు. నిజమో కాదో, ఆవిడ మాత్రం నిన్నగాక మొన్న తన కొట్లోనే జరిగినట్టు చెప్పింది.

నా జపనీస్ అంతంతమాత్రం. సముద్ర దినం కదా, సముద్రం ఎటు వైపు అని అడిగాను. ఆవిడ దక్షిణం వైపు చూపించి, చెయ్యి మళ్ళీ కిందికి దించి, ఆ సందు చివరికంటే పెద్ద దూరం కాదన్నట్టు అరచెయ్యి అడ్డంగా ఆడించింది. ఒకప్పుడు అని. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న సముద్రంలో నోరి పెంచేవాడట. సుషీకి చుట్టే నాచు అదే. చలికాలం తెల్లవారుజామున కోసుకొచ్చి, తరిగి, చిన్న చిన్న చాపల మీద పల్చగా పరిచి ఎండకి నిలబెట్టేవారట. చేతులతో చేసి చూపిస్తుంటే నాకు ఆత్రేయపురంలో చాపల మీద ఆరే మామిడి తాండ్ర కళ్ళ ముందు కదిలింది. 1962లో టోక్యో జాలర్లు చేపల వేట హక్కులు వదులుకున్నారు. 1972 నుంచి ఇక్కడి తీరాన్ని పూడ్చడం మొదలైంది. వీధులూ పార్కులూ యూఆర్ బిల్డింగులూ ఆ తర్వాతే. రెండు కట్టలు కొని బుట్టలో పెట్టుకున్నాను.

అక్కణ్ణుంచి కసాయి స్టేషన్ దగ్గర సబ్‌వే మ్యూజియం. రైలెక్కనని ఒట్టేసుకుని రైళ్ళు చూడ్డానికి వెళ్ళడం ఏమిటో! ఇక్కడ తోజాయ్ లైన్ వంతెన మీద నడుస్తుంది, భూగర్భ రైళ్ళ మ్యూజియం ఆ వంతెన కింద ఉంటుంది. టిక్కెట్టు 220 యెన్‌లు. 1927లో టోక్యోలోని ఉయెనో, అసాకుసా పేటల మధ్య నడిచిన పసుపు రంగు పెట్టె అక్కడుంది. పది సెన్‌ల (సెన్ అంటే యెన్‌లో వందో వంతు) నాణెం వేస్తే తిరిగే చెక్క గేటు కూడా ఉంది. పిల్లల గోల మధ్య అరగంట కంటే ఉండలేకపోయాను.

ఇండియాలో సెలవు కాదు కాబట్టి ఒంటిగంటన్నరకి కాల్. అక్కడ పదింటి మీటింగ్. ఇక్కడ సెలవని క్యాలెండర్‌లో ఎర్రగా పెట్టినా ఎవరికీ కనపడదు. "పదిహేను నిమిషాలే" అని నలభై నిమిషాలు లాగడం మా ప్రాజెక్టు ఆచారం. పార్కులో చెట్టు కింద బెంచీ మీద కూర్చుని కలిశాను. అన్‌మ్యూట్ చేయగానే హైదరాబాద్ నుంచి మా టీమ్ కుర్రాడు, "అక్కా, మిక్సీ ఆపి మాట్లాడవా?" అన్నాడు. మిక్సీ కాదు, సెమి. మన కీచురాళ్ళలాంటి పురుగులే గానీ బొటనవేలంత ఉంటాయి, పట్టపగలే చెట్టంతా మోగిస్తాయి. ఫోన్ కెమెరా ఆన్ చేసి పైకి చూపించాను. ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. వాడు నమ్మినట్టు లేదు. నా పక్క చెట్టు బెరడు మీద మాత్రం ఒక ఖాళీ పెంకు పట్టుకుని ఉంది. వీపు మీద నిలువుగా చీలిక, కాళ్ళు ఆరూ యథాతథం, కళ్ళ దగ్గర గాజులా మెరుపు. లోపలున్నది బయటికొచ్చి ఎగిరిపోయింది. రిలీజ్ డేట్ గురించి ఎవరో మాట్లాడుతుంటే నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఎండ కాస్త తగ్గాక కసాయి రిన్‌కాయ్ పార్కుకి తొక్కాను. మా ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు. మూడేళ్ళూ పక్కనే పెట్టుకుని ఒక్కసారి కూడా రాలేదంటే సిగ్గేసింది. అక్వేరియం దగ్గర క్యూ చూసి దండం పెట్టి, వంతెన దాటి తీరానికి నడిచాను. ఇక్కడ రెండు తీరాలున్నాయి. పడమటిది మనుషులకి. తూర్పుది పక్షులకి, అక్కడికి మనం వెళ్ళకూడదు. 2018లో ఈ చోటుకి రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. రెండూ మనుషులు కట్టినవే. ఉన్న తీరాన్ని పూడ్చేసి, దాని ముందు మళ్ళీ కొత్త తీరం పోసుకున్నారు.

ఆటు సమయం. బురద నేల మీద పిల్లలు చిన్న బకెట్లతో పీతల వెంట పడుతున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి దాకా దిగాను. నీళ్ళు గోరువెచ్చగా, కొంచెం మురికిగా, అచ్చం కాకినాడలాగే ఉన్నాయి. నాకు ఉప్పాడ గుర్తొచ్చింది. మా అమ్మమ్మ పుట్టిన ఇల్లు అక్కడే, ఇప్పుడు లేదు. "అదిగో, ఆ అల విరుగుతోంది చూడు, అక్కడ మా వాకిలి" అని చూపించేది. తుఫాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోసుకుపోతుంది, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల్లాంటి సంచులు, జియోట్యూబులు, వేసినా ఆగలేదు. అక్కడ సముద్రం ఇళ్ళలోకి వచ్చింది. ఇక్కడ నేను అద్దె కట్టేదేమో సముద్రానికి దక్కాల్సిన చోటుకి. కూరలావిడ అరచెయ్యి ఎందుకలా ఆడించిందో అప్పటికి బుర్రకెక్కింది.

జెయింట్ వీల్ ఎక్కాను, ఒక్కదాన్నే. 117 మీటర్ల ఎత్తు, ఒక చుట్టుకి 17 నిమిషాలు. పైకెళ్ళాక ఒక పక్క డిస్నీల్యాండ్, ఇంకో పక్క మా వార్డు, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా పళ్ళెంలా. అటూ ఇటూ నదులు, వాటికి గట్లు. ఆటుపోట్ల లెక్కలో చూస్తే వార్డులో దాదాపు 70 శాతం నేల, పోటు మట్టం కంటే దిగువనే ఉంది.

ఇంటికొచ్చేసరికి కొమత్సునా వడలిపోయి తలకాయలు వేలాడేసింది. నీళ్ళలో వేసి, కుక్కర్ కోసం అలమర తెరిస్తే, వార్డు ఆఫీసు వాళ్ళిచ్చిన వరదల పుస్తకం పాత కాగితాల మధ్య దొరికింది. 2019లో తయారు చేసినది. అట్ట మీద మ్యాపు, దాని మీద మా వార్డు చోట ఒక వాక్యం. ఇన్నాళ్ళూ చదవలేదు. ఫోన్లో అనువాదం పెట్టి చూస్తే: "ఇక్కడ ఉండకూడదు." పెద్ద వరద వచ్చేలా ఉంటే ముందే వార్డు దాటి వెళ్ళిపొమ్మని దాని అర్థం. అంత నిక్కచ్చిగా చెప్పే ప్రభుత్వాన్ని నేనైతే చూడలేదు. ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్‌తో పెట్టాను.

కుక్కర్ పెట్టి కాకినాడకి వీడియో కాల్ చేశాను. అక్కడింకా టీ వేళ. బాబు మామిడికాయ ముక్కతో పరిగెత్తాడు. అత్తగారు ఫోన్ తీసుకుని, "ఏం కూర?" అన్నారు. కొమత్సునా పప్పు, ఆవ జాతి ఆకు అన్నాను.

"ఆవ జాతి అంటే చింతపండు కాస్త ఎక్కువెయ్యి," అన్నారు.