బొడ్డున్న కూజాలు

అమ్మ తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. గుళ్ళు, మాల్స్, నయాగరా అన్నీ అయిపోయాయి. "ఇంకెక్కడికైనా తీసుకెళ్ళరా, ఈ గోడలు చూడలేక చస్తున్నా" అంది. శనివారం ఎడిసన్‌లో బయల్దేరి న్యూజెర్సీ దక్షిణాన ఉన్న మిల్‌విల్‌కి వెళ్ళాం. చివరి అరగంటా పైన్ చెట్లు, ఇసుక నేల.

ఆ ప్రాంతానికి గాజు పని తెచ్చింది ఆ రెండే. కరిగించడానికి ఇసుక, కొలిమికి కట్టెలు. ఫిలడెల్ఫియాలో ఇత్తడి గుండీలు చేసి సంపాదించిన కాస్పర్ విస్టార్, జర్మనీ నుంచి పనివాళ్ళను రప్పించి 1739లో ఇక్కడికి దగ్గర్లోనే కార్ఖానా పెట్టాడు. అంతకుముందు 1608లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో మొదలైన గాజు పని నిలవలేదు. ఇది నిలిచింది. అమ్మకానికి చేసింది ముఖ్యంగా సీసాలు, కిటికీ అద్దాలు.

మిల్‌విల్‌లో గాజు పని చూపించే కేంద్రం వీటన్‌ఆర్ట్స్. అక్కడ 1888 నాటి ఫ్యాక్టరీ నమూనాలో కట్టిన కొలిమిశాల ఉంది. మెట్ల మీద కూర్చున్నా సెగ మొహానికి కొడుతోంది. ఒకతను గొట్టం చివర తేనెముద్దలాంటి గాజు తీసి, తిప్పుతూ ఊదాడు. తిప్పడం ఆపితే జారిపోతుంది. తర్వాత అడుగున ఇనుప కడ్డీ అతికించి, గొట్టం విడగొట్టి, మూతి సాగదీశాడు. చివర్లో టక్కుమని ఒక్క దెబ్బ. కడ్డీ ఊడి, అడుగున గరుకు మచ్చ మిగిలింది.

"బొడ్డు కోసినట్టుందిరా!" అంది అమ్మ.

వేడి మెల్లగా దిగకపోతే పగులుతుందని దాన్ని వేరే పొయ్యిలో పెట్టారు.

మ్యూజియంలో 1992లో ఊదిన, మనిషిని మించిన సీసా దగ్గర ఫొటోల కోసం క్యూ. నాకది పెద్దగా ఎక్కలేదు. నన్ను ఆపినవి లేత ఆకుపచ్చ కూజాలు. ఆ రంగు ఎవరూ వేసింది కాదు, ఇసుకలోని ఇనుముది. సీసాల పని అయ్యాక మిగిలిన గాజుతో పనివాళ్ళు ఇంటికోసం కూజాలు, పంచదార గిన్నెలు చేసుకునేవారట. అడుగున రెండో పొర గాజు అద్ది, పనిముట్టుతో పైకి లాగితే ఆకుల్లా విచ్చుకుంటుంది. కలువాకు అంటారు దాన్ని. అమ్మ మాత్రం తామరాకే అని పట్టుబట్టింది.

దుకాణంలో ప్రతి గ్లాసూ తిరగేసి బొడ్డు వెతికింది. చివరికి దొరికిన చిన్న నీలం గిన్నెను చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్తుందట. ఇప్పటికి మా ఫ్రిజ్ మీద ఉంది.