గాలి ఒప్పుకుంటేనే ముక్తినాథుడు

నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ వెళ్లొచ్చినవాళ్లు ముందుగా ఆ గుడిలోని నూట ఎనిమిది నీటి ధారల గురించి చెబుతారు. నేను దాని దిగువనున్న జోమ్‌సోమ్ విమానాశ్రయం గురించి మొదలుపెడతాను. డెబ్భై దాటిన మా అమ్మ ఆ ధారల కింద తల తడుపుకోగలిగిందంటే దాని చలవే.

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం, శ్రీకూర్మం పక్కనే. సాలగ్రామాలు పుట్టే గండకీ నదిని చూడాలని నాన్న ఎప్పుడూ అనేవారు. ఆయన పోయాక ఆ కోరిక అమ్మది అయింది. గండకి ఒడ్డునున్న కాగ్‌బేనిలో ఆయనకు పిండం పెట్టాలి, ముక్తినాథుణ్ని చూడాలి, అంతే. కార్తీకంలో ఊరివాళ్లతో కలిసి ఆమదాలవలసలో రైలెక్కి, హౌరా, రక్సౌల్ మీదుగా నేపాల్ చేరి, బస్సులో పోఖరా వెళ్లాం. పోఖరా నుంచి పైకి రోడ్డూ ఉంది. కానీ కొండ అంచున గంటల తరబడి జీపు కుదుపులంటే అమ్మ నడుము తట్టుకోదు. విమానమైతే జోమ్‌సోమ్‌కి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల కోసం తెల్లవారకముందే స్వెటర్లు, మంకీ క్యాపులతో ఎయిర్‌పోర్టులో కూర్చున్నాం. ముందు లోయలో మబ్బు అన్నారు. మబ్బు విడిచేసరికి పైన గాలి లేచిందన్నారు. ఆ రోజుకి విమానాలు లేవు. మా మావయ్యకి కోపం ఆగలేదు. "తిత్లీ తుపాను సూసినోళ్లం బాబూ, ఈ మాత్రం గాలికే ఆపేత్తారేటి?" అని కౌంటర్ మీదకి వంగారు. అక్కడున్న కుర్రాడికి తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది. హిందీలో ఓపిగ్గా చెప్పాడు.

జోమ్‌సోమ్ గాలి రోజూ వచ్చే గాలి. ఎండ ఎక్కేకొద్దీ ఉత్తరాన ముస్తాంగ్ బంజరు నేలలు వేడెక్కి, అక్కడి గాలి పైకి లేస్తుంది. దాని చోటులోకి దక్షిణం నుంచి గాలి ఎగదన్నుకొస్తుంది. ఒకవైపు ధవళగిరి, మరోవైపు అన్నపూర్ణ. మధ్యలో కాళీగండకీ (ఎగువన గండకి పేరు ఇదే) లోయ ఒక్కటే దారి. ఆ ఇరుకులో పడ్డాక గాలి జోరు రెట్టింపవుతుంది. ఉదయం పది, పదకొండు దాటితే చిన్న విమానాలు ఆ దారిన పోలేవు. పైగా పైలట్లు కళ్లతో కొండల్ని చూసుకుంటూ నడపాలి, మబ్బుంటే వెళ్లకూడదు. 2022 మే నెలలో ఇదే దారిలో విమానం కొండకు తగిలి 22 మంది పోయారు. అది విన్నాక మావయ్య వచ్చి నా పక్కన కూర్చున్నారు, మరి మాట్లాడలేదు. వద్దు అని చెప్పగలిగిన ఆ కుర్రాడికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. వందలమంది మొహం మీద అలా చెప్పడం తేలిక కాదు.

మర్నాడు పొద్దున్నే ఎక్కించారు. ఇరవై మంది కూడా పట్టని విమానం. కాసేపటికి ఎడమ కిటికీలో 8,167 మీటర్ల ధవళగిరి, కుడివైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ. అమ్మ కూర్మనాథుడి పటం గుండెకి ఆనించుకుని, "కొండలు మనకంటే పైనున్నాయేటి బాబూ!" అంది. నిజమే, మేం కొండల మీదుగా పోవడం లేదు, వాటి మధ్యలోంచి పోతున్నాం.

జోమ్‌సోమ్ రన్‌వే కిలోమీటరు కూడా ఉండదు. మన భోగాపురంలో మూడున్నర కిలోమీటర్లకు పైగా వేశారు. దిగగానే ఎదురుగా నీలగిరి శిఖరం, 7,061 మీటర్లు, తెల్లగా మీద పడుతున్నట్టుంది. చలి ముక్కుపుటాల్లోకి గుచ్చుకుంది. ఆ ఊరి ఎత్తు 2,700 మీటర్లకు పైనే, తిరుమల కొండకు సుమారు మూడింతలు. అక్కడ గాలి మన తీరంలో కంటే పావు వంతు పలచన. పెద్దవాళ్లు దిగిన వెంటనే సంచులు మోయకూడదు, గబగబా నడవకూడదు. టీ తాగించి అమ్మను గంటసేపు కదలనివ్వలేదు. పదకొండయ్యేసరికి విమానాశ్రయం ఖాళీ. వీధిలో దుమ్ము లేచి కళ్లు తెరవనివ్వలేదు.

కాగ్‌బేనిలో, ముక్తినాథ్ నుంచి దిగే ఏరు కాళీగండకిలో కలిసేచోట పిండం పెట్టాం. నీళ్లలో చేతివేళ్లు కొంకర్లు పోయాయి. నది ఒడ్డున నల్లరాళ్ల మధ్య అమ్మ సాలగ్రామాల కోసం వెతికింది. అవి కోట్ల ఏళ్లనాటి సముద్రజీవుల శిలాజాలు. హిమాలయం లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని ఇంతదూరం వస్తే ఇక్కడా సముద్రమేనా అని అమ్మ ఆశ్చర్యపోయింది.

ముక్తినాథ్ ఇంకా పైన, 3,700 మీటర్లు దాటి. మెట్ల దాకా జీపు, ఆపైన అమ్మ గుర్రం ఎక్కింది. విష్ణు క్షేత్రాలైన నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రంగా వైష్ణవులు కొలిచేది దీన్నే. బౌద్ధులకూ ఇది పుణ్యస్థలమే. గుడిలో బౌద్ధ సన్యాసినులు సేవ చేస్తుంటారు. శాలిహుండం బౌద్ధ స్తూపాలూ, శ్రీకూర్మమూ ఒక్క మండలంలోనే ఉన్న మాకు అది కొత్తగా అనిపించలేదు. ధారలన్నింటి కిందా వద్దన్నాను. అమ్మ వినలేదు. ప్రతి ధార దగ్గరా చెయ్యి చాపి నెత్తిన జల్లుకుంది.

విమానంలో వెళ్తే యాత్ర ఫలం తగ్గుతుందని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. పోఖరాలో ఆ పడిగాపులు పడినవాళ్లెవరూ ఆ మాట అనరు. తిరుగు ప్రయాణంలో కూడా మబ్బులకు ఆగిపోయాం. ముందే అదనంగా రోజులు ఉంచుకోబట్టి రైలు తప్పలేదు.

ఇప్పుడు రామతీర్థం నుంచి మా పిన్నివాళ్లు బయల్దేరుతున్నారు. ఆధార్ చాలదు, ఓటరు కార్డో పాస్‌పోర్టో పెట్టుకోమని నేను చెప్పాను. ఫోన్ అమ్మ లాక్కుంది. "ఉన్ని సాక్సులు మూడు జతలు పట్టుకెళ్లవే. మొదటి విమానానికే టికెట్టు తీయించు. గాలి లేసిందంటే బెమ్మదేవుడొచ్చినా ఎగరరు. అక్కడోళ్లతో తగువు పెట్టుకోకండి."