ఏడేసి లెక్కపెడితే చివరి అంకె ఎటు నడుస్తుంది?

ఏడో ఎక్కం దగ్గర తడబడే పిల్లలు ఎక్కువగా ఇరవై ఎనిమిది తర్వాత ఆగుతారు. అక్కడ ముప్ఫై దాటాలి మరి. 28కి 7 ఒక్కసారిగా కలపమంటే వేళ్ళు మడవడం మొదలుపెడతారు. రెండు కలిపితే 30, మిగిలిన అయిదుతో 35 అని 7ను విడగొట్టడం అలవాటు చేస్తే ఆ చోటు సులువుగా దాటేస్తారు.

వేళ్ళతో ఇంకో చిక్కుంది. 28కే మొదటి వేలు మడిచేస్తే ఏడో వేలికి 34 వస్తుంది. పిల్లవాడు 7, 13, 19, 25 అని చెబుతున్నాడంటే కూడిక రాదని కోప్పడకండి. బయల్దేరిన సంఖ్యను కూడా లెక్కలో వేసుకుని ఆరేసి వెళ్తున్నాడు. సంఖ్యారేఖ మీద గీతల్ని కాకుండా గెంతుల్ని లెక్కపెట్టిస్తే ఇది సర్దుకుంటుంది.

ఎక్కాలు కంఠస్థం చేయడాన్ని నేను తప్పుపట్టను. కానీ రాగం తీసి అప్పజెప్పడం ఒక్కటే నేర్పితే, ‘ఏడారులు ఎంత?’ అని మధ్యలో అడిగినప్పుడు మళ్ళీ మొదటినుంచి పాడుకుంటూ రావాలి. అందుకే పక్కనే నూరు గళ్ళ పట్టిక ఉండాలి. గళ్ళ కాగితం మీద అడ్డ వరుసకు పది గళ్ళు చొప్పున 1 నుంచి 100 దాకా రాసి, ఒక్కో ఎక్కానికి ఒక్కో రంగు వేయించండి.

రెండేసి, అయిదేసి వేస్తే నిలువు వరుసలు నిండుతాయి. అందులో పెద్దగా చూసేదేమీ లేదు. తొమ్మిది నుంచి చూడాలి. 9 కలపడమంటే 10 కలిపి ఒకటి తీసేయడం, అంటే పట్టికలో ఒక వరుస కిందికి, ఒక గడి ఎడమకి. అందుకే 9, 18, 27 ఐమూలగా దిగుతాయి. అంకెలు కలిపితే 9 రావడానికీ ఇదే కారణం: పదుల అంకె ఒకటి పెరుగుతుంది, ఒకట్ల అంకె ఒకటి తగ్గుతుంది. 90 దాకా ఇలాగే నడిచి 99 దగ్గర మొత్తం 18 అవుతుంది. ఆ 18ని మళ్ళీ కలిపితే తొమ్మిదే. ఈ 99 సంగతి ముందే చెప్పకపోతే, నేర్పిన సూత్రమే తప్పేమోనని పిల్లలు అనుకుంటారు.

ఏడేసి వేసిన రంగు మొదట చెల్లాచెదురుగా కనిపిస్తుంది. 7, 28, 49, 70 గళ్ళను గీతతో కలపండి. రెండు వరుసలు దిగినప్పుడల్లా ఒక గడి కుడికి జరుగుతుంది, ఎందుకంటే మూడేళ్ళు 21.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చుక్కల వృత్తం. అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, కోణమానినితో 36 డిగ్రీలకొక చుక్క పెట్టి, 0 నుంచి 9 దాకా వరుసగా రాయండి. కోణమానిని లేకపోతే వృత్తలేఖినిని 3.1 సెంటీమీటర్లు తెరిచి అంచు వెంబడి గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళినా పది చుక్కలు వస్తాయి. ఇప్పుడు సున్న నుంచి మొదలుపెట్టి మూడేసి లెక్కపెడుతూ ఒకట్ల అంకెల్ని మాత్రమే గీతలతో కలపాలి: 0, 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7, మళ్ళీ 0. పది గీతలతో పది మొనల నక్షత్రం వస్తుంది. ఏడేసి వెళ్ళినా అదే నక్షత్రం, పెన్సిల్ నడక మాత్రం వెనక్కి. ఏడు కలపడమంటే పది కలిపి మూడు తీయడమే, పది కలిపితే ఒకట్ల అంకె మారదు.

నాలుగుకీ ఆరుకీ అయిదు మొనల నక్షత్రం, రెండుకీ ఎనిమిదికీ పంచభుజి, ఒకటికీ తొమ్మిదికీ దశభుజి. అయిదు మాత్రం 0కీ 5కీ మధ్య ఒక్క గీతగా మిగులుతుంది. కలిపితే పదయ్యే ప్రతి జతకీ ఒకే బొమ్మ. నాలుగు బేసి చుక్కల జోలికే పోదు, ఎందుకంటే నాలుగూ పదీ రెండూ సరి సంఖ్యలు. 1 నుంచి బయల్దేరితే 1, 5, 9, 3, 7 చుక్కల మీద రెండో నక్షత్రం ఏర్పడుతుంది. ఎక్కడైనా కూడిక తప్పితే గీత వేరే చుక్కకి పోయి బొమ్మ చెడుతుంది, కాబట్టి తప్పును పిల్లలే పట్టుకుంటారు.

పట్టిక వెడల్పు కూడా మార్చి చూడండి. వరుసకు ఆరు గళ్ళే పెడితే మూడో ఎక్కం రెండు నిలువు వరుసల్లోకి వచ్చేస్తుంది, ఏడోది ఐమూలగా కుడికి దిగుతుంది. గోడమీది క్యాలెండర్‌లో వరుసకు ఏడు గళ్ళు కాబట్టి అక్కడ నిలువుగా నిలిచేది ఏడో ఎక్కం. వారాల పేర్లు ఎడమ అంచున నిలువుగా ఉండే క్యాలెండరైతే అదే ఎక్కం అడ్డంగా కనిపిస్తుంది.

ఒకే పట్టికలో నాలుగుకీ ఆరుకీ రంగులు వేస్తే రెండూ మొదట కలిసేది 12 దగ్గర. చాలామంది నాలుగార్లు 24 అని తొందరపడతారు.

ఇవన్నీ వచ్చాక వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ రమ్మనండి: 100, 93, 86, 79, 72, 65, 58, 51. చివరి అంకెలు 0, 3, 6, 9, 2, 5, 8, 1. ఇది మూడో ఎక్కం నడకేనని ఎవరూ చెప్పకుండానే గుర్తుపడతారేమో చూడండి.