‘సమస్యలేమీ లేవు’ అని రాసింది నేనే

నిన్న సాయంత్రం నా కండొనేషన్ ఫారం, అంటే తగ్గిన హాజరును మన్నించమని అడిగే కాగితం మీద ఆఖరి సంతకం పడింది. సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని బజ్జీ తిని రూముకొచ్చి, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నా.

అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం నాది. ఊరు ఉరవకొండ పక్కన పల్లె. మా ఊర్నుంచి ర్యాంకుతో సీటు తెచ్చుకున్నోణ్ణి నేనొక్కణ్ణే, అది వేరే సంగతి. సెప్టెంబరంతా టైఫాయిడ్. లేచేసరికి శనక్కాయ పీకే పని. నాయన ఒక్కడే చేలో ఉంటే చూడలేక ఇంకో వారం నిలబడిపోయినా. సెమిస్టరు చివరికి హాజరు 71 శాతం తేలింది. మొత్తం మీద 75 ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే జబ్బు కాగితం చూపి, ఫీజు కట్టి కండొనేషన్ అడగొచ్చు. 65 కిందికి దిగితే డిటెండే, అంటే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే.

డాక్టరు సర్టిఫికెట్ ఒక్క పూటలో వచ్చింది. ఫీజు ఫోన్లోనే కట్టేసినా. మిగిలింది మెంటర్ సంతకం.

మాకు ఇరవై మందికి ఒక మెంటర్, మా చదువూ బాగోగులూ చూడాల్సిన లెక్చరరు. రెండున్నరేళ్లలో సార్‌తో నేను మాట్లాడింది మూడుసార్లు, మూడూ సంతకాలకే. అక్టోబరులో కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లొస్తున్నారని ఇరవై మందినీ ల్యాబులో కూచోబెట్టి మెంటర్ పుస్తకాలు నింపించినారు. తేదీ, చర్చించిన విషయం, విద్యార్థి సమస్య, ఇచ్చిన సలహా. నెలకో వరుస. ఒకే రోజు రాసినట్టు కనపడకుండా పెన్నులు మార్చమన్నారు. నేను బుద్ధిగా ఒక నెల నీలం, ఒక నెల నలుపు వాడినా. సెప్టెంబరు వరుసలో ‘14, సమస్యలేమీ లేవు’ అని గుండ్రంగా రాసి సంతకం చేసినా. పక్కన సార్ సంతకం.

మొన్న సార్ బీరువాలోంచి తీసింది ఆ పుస్తకాన్నే. స్టాఫ్‌రూములో ఆరుగురు లెక్చరర్లు, అటెండరు, అసైన్‌మెంట్లు తెచ్చిన ఫస్టియర్ అమ్మాయిలిద్దరు. సార్ ఆ వరుసను గట్టిగా చదివి, “పద్నాలుగో తేదీ నన్ను కలిసి సమస్యల్లేవంటివి. మరి ఆ పొద్దు మంచంలో ఉంటినని సర్టిఫికెట్ తెస్తివే. ఏది అబద్ధం రా?” అన్నారు. అందరూ నవ్వినారు. రాయించింది మీరే సార్ అని నాలిక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదనుకోండి, అక్కడే ఆగింది. చెవులు కాలిపోయినాయి.

మా బ్రాంచి హెడ్డు, హెచ్‌ఓడీ మేడమ్ దగ్గరికి పొమ్మన్నారు. ఆమె పుస్తకం చూసి, టేబుల్ మీద క్యాలెండరు వెనక్కి తిప్పి, “పద్నాలుగు ఆదివారం” అని మాత్రం అని సంతకం పెట్టింది.

మెంటర్ చేయాల్సిన పని ఆ పది నిమిషాల్లో ఆమే చేసింది. సబ్జెక్టులు పాసైతే వచ్చే క్రెడిట్లు డిగ్రీకి 160 కావాల, వాటిలో ఎన్ని వచ్చినాయని అడిగితే నోరు పెగల్లేదు. మైనర్, అంటే ఇంకో బ్రాంచి సబ్జెక్టులు అదనంగా చేస్తానంటే, దానికి పైన ఇంకో 18, 20 క్రెడిట్లు మోయాలి, ముందు తప్పిన బ్యాక్‌లాగ్ సబ్జెక్టు తీయమంది. ఐఐటీల వాళ్లు నడిపే ఆన్‌లైన్ కోర్సులు, ఎన్‌పీటీఈఎల్ సంగతి కూడా విప్పి చెప్పింది. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. చేరడం ఉచితమే, పరీక్షకు వేరే ఫీజు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పన్నెండింట్లో బాగా వచ్చిన ఎనిమిదే లెక్క. పరీక్షకు 75. అయితే కోర్సు కాలేజీ ఒప్పుకున్న జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోవాల. మా సీనియరు ఒకడు పాసై సర్టిఫికెట్ తెచ్చినాక తెలిసింది, అది లెక్కకు రాదని.

మీరు మెంటర్ దగ్గరికి పోయేటప్పుడు మార్కుల మెమోలన్నీ పట్టుకుని, క్రెడిట్లు కూడుకుని, ఒకే ప్రశ్న తీసుకుపోండి. ‘ఏం చేయమంటారు సార్’ అని నిలబడితే ‘బాగా చదువుకో’ అంటారు, అంతే. జ్వరమొస్తే ఆ వారమే మెంటర్‌కు మెసేజ్ పెట్టండి, తేదీ ఉంటుంది. మెంటర్ పలకకపోతే ఇంకొకర్ని పట్టుకోండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

జనవరి కోర్సుకు పేరిచ్చినా. పుస్తకం మళ్లీ సార్ బీరువాలోకే పోయింది. డిసెంబరు వరుస ఇంకా ఖాళీ.