మూడు కాలమ్‌ల గొడవ

మళ్ళీ అదే పేజీ, డిజైన్ క్లాసుకి చేస్తున్న మూడు కాలమ్‌ల తెలుగు పేజీ. పడుకుందామంటే కళ్ళు మూసినా ఆ తెల్లటి సందులే కనబడుతున్నాయి. సార్ ప్రింట్ మీద ఎర్ర పెన్నుతో "గాలాడట్లేదు" అని రాసి పక్కన పెట్టేశారు. ఆ మాటకి మా క్లాసులో అందరి దగ్గరా ఒకటే మందు: లెడింగ్ (లైనుకీ లైనుకీ మధ్య దూరం) పెంచెయ్. 18 పెట్టినచోట 20 పెట్టు, 20 చాలకపోతే 22. పెంచాక పేజీ ఇంకా అధ్వాన్నంగా తయారవుతుంది, అది ఎవరూ చెప్పరు.

తెలుగుకి లెడింగ్ ఎక్కువ కావాలన్నది నిజమే, కాదనను. ఇన్‌డిజైన్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో దానంతటదే పెట్టే ఆటో లెడింగ్ 120 శాతం, అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. ఇంగ్లీషుకి అది సరిపోతుంది, ఎందుకంటే లైను కిందికి దిగేవి g, p లాంటి నాలుగైదు తోకలే. మనకలా కాదు. "రాష్ట్రం" అని రాస్తే ష కింద ట వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు. సరిగ్గా దాని కింద, రెండో లైనులో, "కీ" వచ్చిందంటే గుడిదీర్ఘం వెళ్ళి ఆ వత్తుకి తగులుతుంది. 12 పాయింట్లకి 17, 18 పెట్టేది అందుకే. అదైనా ఫాంటుని బట్టి మారుతుంది. కొన్నిటిలో వత్తుని చిన్నది చేసి అక్షరానికి దగ్గరగా లాగుతారు, కొన్నిటిలో కిందికి వదిలేస్తారు. అందుకని అంకె బట్టీ పట్టడం దండగ. పై లైనులో "రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి", కింది లైనులో "కీ, శ్రీ, కై" వచ్చేలా రెండు లైన్లు కొట్టి, అవి తగలకుండా ఉండే చోటు పట్టుకుని, ఇంకో అర పాయింటు కలిపితే లెక్క తేలిపోతుంది.

ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. పేరా అంతా సమంగా ఉండి ఒక్క లైను మాత్రం కిందికి జారుతుంది. ఎంత వెతికినా కారణం కనబడదు. ఇన్‌డిజైన్‌లో లెడింగ్ పేరాకి కాదు, అక్షరానికి అంటుకుని ఉంటుంది. ఒక లైనులో ఏ అక్షరానికి ఎక్కువ ఉంటే లైనంతా దాన్నే వింటుంది. ఎక్కడినుంచో కాపీ చేసిన పదం తర్వాత ఎక్కువ లెడింగ్ ఉన్న ఖాళీ స్పేసు ఒకటి మిగిలిపోతే చాలు. స్పేసు కదా, కనబడదు! ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద "అప్లై లెడింగ్ టు ఎంటైర్ పేరాగ్రాఫ్స్" టిక్ చేస్తే ఈ పీడ వదులుతుంది. ఆ టిక్కు మొదటినుంచీ పెట్టి ఇవ్వడానికి ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకేం అడ్డమో.

సరే, అసలు గొడవ లెడింగ్‌ది కాదు. మొదటి సెమిస్టర్ ఎక్సర్‌సైజు ఒకటి గుర్తొచ్చింది. ఒకే పేరా, ఒకే ఫాంటు, ఒకే సైజు. మొదటి వరస షీట్లలో లెడింగ్ మాత్రమే మారాలి: 12కి 15, 16, 18, 20. రెండో వరసలో లెడింగ్ 18 దగ్గర ఆపి కాలమ్ వెడల్పు మాత్రమే మార్చాలి: 54 మి.మీ., 70, 84, 115. అన్నీ "యాక్చువల్ సైజ్"లో ప్రింట్ తీయాలి. "ఫిట్ టు పేజ్" ఉంటే ప్రింటర్ చెప్పాపెట్టకుండా కుదించేస్తుంది, 12 పాయింట్లు 12గా ఉండవు. గోడకి అంటించి, రెండు మీటర్ల వెనక్కి జరిగి, కళ్ళు సగం మూసి చూడమన్నారు. అక్షరాలు చదవకూడదు, బూడిదరంగు ఎక్కడ చిక్కగా ఉందో, ఎక్కడ చిరుగులు పడిందో మాత్రమే చూడాలి. మొదటి వరసలో 15 తప్ప మిగతావన్నీ సర్దుకుపోయాయి. రెండో వరసలో 54 మి.మీ. షీటు మాత్రం నిలువునా పగుళ్ళిచ్చిన గోడలా ఉంది. అప్పుడు అందరం అది ఫాంటు తప్పనుకున్నాం. సార్ ఏమీ అనలేదు, షీట్లు తీసేసి వెళ్ళిపోయారు. ఆయన పద్ధతే అంత.

ఇప్పుడు లెక్క వేస్తే తెలిసిపోతోంది. ఏ4 వెడల్పు 210 మి.మీ. రెండు పక్కలా 18 చొప్పున మార్జిన్ పోతే 174. మూడు కాలమ్‌లు, మధ్యలో ఆరేసి మి.మీ. ఖాళీలు (గట్టర్లు), ఒక్కో కాలమ్‌కి 54. అందులో 12 పాయింట్ల తెలుగు మాటలు మహా అయితే నాలుగు పడతాయి, అంటే మాటల మధ్య ఖాళీలు మూడే. పొడుగు మాట ఒకటి పట్టక కింది లైనుకి దిగితే 12 మి.మీ. మిగిలిందనుకుందాం. జస్టిఫై (రెండంచులూ సమం చేసే అమరిక) దాన్ని మూడు ఖాళీలకి పంచుతుంది, తలా 4. మామూలుగా సుమారు ఒక మి.మీ. ఉండే స్పేసు అయిదవుతుంది. పక్క మాటకంటే కింది మాటే దగ్గరైపోతుంది, కన్ను అటు జారుతుంది. లెడింగ్ పెంచితే ఈ సందులు పూడవు, ఇంకాస్త పొడుగవుతాయి, అంతే.

కాబట్టి జస్టిఫై మానేయాలి, ఎడమ అంచు మాత్రమే సమం చేసే లెఫ్ట్ అలైన్ ఒక్కటే దారి అని చెప్పాలనే ఈ టపా మొదలుపెట్టాను. ఇప్పుడు మాట మారుస్తున్నా. ఇందాక ఆ కాలమ్‌నే లెఫ్ట్ అలైన్ చేసి చూశాను. "మాట్లాడుకుంటున్నప్పుడు" లాంటి మాట కింది లైనుకి దిగితే కుడిపక్క కాలమ్‌లో మూడోవంతు బోసిపోతోంది, దాని కింది లైను అంచుదాకా నిండుతోంది. చిన్న మాటల భాషలకి ఆ అంచు అందంగా ఉంటుందేమో, మనకి పళ్ళూడిన వరసే.

మూడు కాలమ్‌లని రెండు చేయడమే మేలు. 6 మి.మీ. గట్టర్ తీసేస్తే ఒక్కోటి 84 మి.మీ. మాటలు ఆరేడు, ఖాళీలు ఐదారు. జస్టిఫై అలాగే ఉంచి, క్యారెక్టర్ ప్యానెల్‌లో భాష తెలుగు అని పెట్టాలి. ఇంగ్లీషని ఉంటే హైఫనేషన్ (లైను చివర మాట విరిచి గీత పెట్టడం) ఆన్ చేసినా మన మాటలు విరగవు. కంపోజర్ (లైన్లు పేర్చే పద్ధతి) వరల్డ్-రెడీ ఉండాలి, లేకపోతే వత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడతాయి. వర్డ్ స్పేసింగ్ (మాటల మధ్య ఖాళీ: కనిష్ఠం, కావలసింది, గరిష్ఠం) మామూలుగా 80, 100, 133 శాతం ఉంటుంది, నేను 85, 100, 120కి బిగించాను. లెటర్ స్పేసింగ్ సున్నా, దాన్ని ముట్టుకోకూడదు. వరసగా రెండు హైఫన్లు మించనివ్వను.

సంతోషించాల్సింది ఒకటుంది: పైన 20, కింద 22 మార్జిన్ తీస్తే మిగిలే ఎత్తు 255 మి.మీ., 18 పాయింట్లంటే 6.35 మి.మీ., సరిగ్గా 40 లైన్లు. మిగిలిన ఒక్క మి.మీ. కింది మార్జిన్‌కి ఇచ్చేశాను. బేస్‌లైన్ గ్రిడ్‌కి (అక్షరాలు నిలబడే అడ్డగీతల వరసకి) కట్టేస్తే రెండు కాలమ్‌ల లైన్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

అంతలోనే "బ్యాక్గ్రౌండ్" కనబడింది. కాపీ పేస్టులో నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు) ఎగిరిపోయి గ, ర రెండూ క కిందికి దిగి కూర్చున్నాయి. "బ్యాక్‌గ్రౌండ్" అని మళ్ళీ కొట్టాలి. ఇలాంటివి ఫైలంతా ఉంటాయి, కంటితో వెతకాల్సిందే.

క్యాప్షన్లు ఇంకా తేలలేదు. నల్లటి పట్టీ మీద 8 పాయింట్ల తెల్ల అక్షరాలు. అచ్చులో సిరా పాకితే ధ కింది గీత పూడిపోయి ద అవుతుంది, ఫ వెళ్ళి ప అవుతుంది. ఆ నలుపు నాలుగు రంగుల కలయికైతే, రంగుకొకటి ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచుకి రంగు కనబడుతుంది. పట్టీని ఒక్క కె (నలుపు) ప్లేటుకే మార్చాను. అక్షరం 9 పాయింట్లు, లెడింగ్ 13.5; అలాగైతే నాలుగు క్యాప్షన్ లైన్లు మూడు బాడీ (అసలు మేటర్) లైన్లకి సమానమై గ్రిడ్‌లో కలుస్తాయి. దాంతో ఫోటో ఒక లైనంత తగ్గింది. ఫోటో తీసినవాడు రేపు గొడవకొస్తాడు. రానీ, ఆకాశమే కదా కోసింది.