సంపు నీళ్లు ల్యాబుకు ఇస్తే: తిరుపతిలో నా అనుభవం

తిరుపతిలో చాలా ఇళ్లకు సంపు ఒక్కటే. మున్సిపల్ కొళాయి నీళ్లూ అందులోకే, బోరు నీళ్లూ అందులోకే. మా ఇంట్లోనూ అంతే. ఆరు విజిల్స్ వచ్చినా కందిపప్పు పలుకుగానే ఉండటం, గీజర్ రాడ్డుకు తెల్లగార పట్టడం చూసి టీడీఎస్ మీటరు ముంచితే 640 చూపించింది. ఆ అంకెతో తేలేది తక్కువ. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి మీటరు లవణాల లెక్క కడుతుంది, అంతే. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా లేకపోయినా అక్కడ తేడా తెలీదు. బ్యాక్టీరియా సంగతి సరే సరి.

ల్యాబులో అడగాల్సినవి రెండు: రసాయన పరీక్ష, బ్యాక్టీరియా పరీక్ష. సీసాలు కూడా వేరు. మొదటిదానికి శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి అంచు దాకా నింపాలి. రెండోదానికి వాళ్లిచ్చే స్టెరైల్ సీసానే వాడాలి. అడుగున కొంచెం సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది, దాన్ని మురికి అనుకుని కడగకూడదు. నీళ్లలోని క్లోరిన్‌ను అది విరిచేస్తుంది. అది లేకపోతే దారిలోనే క్రిములు చచ్చి రిపోర్టు తప్పుగా 'బాగుంది' అని వస్తుంది. నేను మొదటిసారి మినరల్ వాటర్ సీసా కడిగి తీసుకెళ్తే తిప్పి పంపారు. పంపడమే న్యాయం.

శాంపిల్ మూడుచోట్ల పట్టాను: బోరు పైపు దగ్గర, మున్సిపల్ నీళ్లు సంపులో పడకముందు, వంటింటి కొళాయి దగ్గర. బోరు పది నిమిషాలు ఆడాక పట్టాలి, పైపులో నిలిచిన నీళ్లు పోవాలిగా. బ్యాక్టీరియా శాంపిల్‌కు కొళాయి జాలీ విప్పి, మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, రెండు మూడు నిమిషాలు వదిలి, మూత లోపల వేలు తగలకుండా పట్టాలి. పైన కొంచెం ఖాళీ ఉంచాలి. ఐసు పెట్టిన డబ్బాలో ఆరు గంటల్లోపు చేర్చడం మంచిది. కాబట్టి శనివారం సాయంత్రం పట్టి దాచుకుంటే పనికిరాదు.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.9, నైట్రేట్ 58 (ఇక్కడినుంచి అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో). మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. నైట్రేట్‌కు 45 దాటితే సడలింపే లేదు. ఫ్లోరైడ్ ఇక్కడి గ్రానైట్ రాళ్ల నుంచే దిగుతుంది. నైట్రేట్ మాత్రం సాధారణంగా మన చలవే: సెప్టిక్ ట్యాంకు, పేడదిబ్బ, యూరియా. కాచితే రెండూ పోవు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడతాయి. పాలడబ్బా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో ఈ నీళ్లు కాచి వాడటం మరీ ప్రమాదం. ఆర్వో ఈ రెంటినీ బాగా తగ్గిస్తుంది. ఉత్త యూవీ ఫిల్టరు ఏమీ చేయలేదు.

మున్సిపల్ నీళ్లు అన్నిట్లోనూ హద్దులోపే ఉన్నాయి, క్లోరిన్ 0.3. వంటింటి కొళాయిలో మాత్రం క్లోరిన్ సున్నా, మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఈ.కోలై ఉంది. అంటే ముందు అనుమానం సంపు మీదే. వంగి చూస్తే మూత చుట్టూ సిమెంటు అంచు వేలు దూరేంత పగిలింది, అంట్లు తోమిన నీళ్లు నిలిచేది సరిగ్గా అక్కడే.

ముందు అంచు పూడ్పించి, సంపు ఖాళీ చేసి, గోడలు బ్రష్‌తో రుద్దించాను. 2,000 లీటర్లకు 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 400 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే నీళ్లు నింపిన సంపులో పోయాలి. చాన్నాళ్లు విప్పి ఉంచిన ప్యాకెట్ వద్దు, అందులో మిగిలేది ఎక్కువగా సున్నమే. ఆ నీళ్లు పై ట్యాంకుకు ఎక్కించి, ప్రతి కొళాయీ వాసన వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచి పారబోశాం. అంతసేపూ ఆర్వోకు నీళ్లు కట్టేయాలి, క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది.

బోరు పైపును సంపు నుంచి విడదీసి బాత్రూముల ట్యాంకుకు తిప్పించాను. రెండో పరీక్షకు వారం ఆగాను. బ్లీచింగ్ ఘాటు ఉండగానే పడితే ఏ సంపైనా పాసవుతుంది. ఈసారి వంటింటి కొళాయిలో ఈ.కోలై లేదు, క్లోరిన్ 0.2.